సగం కథకు పూర్తి టికెట్ తీసుకోకండి: రెండో భాగాలు తీసే సినీ పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలుగు సినిమా నిర్మాతలకు, దర్శకులకు, కథా రచయితలకు, పంపిణీదారులకు

నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో, సింగిల్ స్క్రీన్ థియేటర్ బుకింగ్ కౌంటర్‌లో టికెట్లు ఇచ్చే మనిషిని. మా నాన్న ఇదే థియేటర్‌లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశారు. సినిమాతోనే మా ఇంట్లో పొయ్యి వెలిగింది. మీ కష్టం మీద, మీ కళ మీద నాకు గౌరవం ఉంది.

రెండో భాగాల సంగతి మీద ఒక నిర్మాణ సంస్థకు నిరుడు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశాను. అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది, జవాబు రాలేదు. మా వైపు సినిమాలు పంపే ఒక డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో అడిగితే "మా చేతుల్లో ఏమున్నది, పైన అడగండి" అన్నారు. ఆ పైన ఉన్నది మీరు. అందుకే ఈసారి మీకే, అందరూ చదివేలా రాస్తున్నాను.

మా కౌంటర్ కిటికీ దగ్గర ఒకప్పుడు జనం అడిగే ప్రశ్నలు వేరు. ఫైట్లు ఎట్లున్నయి, పాటలు మంచిగున్నయా, పిల్లలను తోలుకరావచ్చా అనేవాళ్లు. ఇప్పుడు పెద్ద హీరో సినిమా పడిందంటే మొదటి ప్రశ్న ఇది: "అన్నా, ఇది ఒడిసే సిన్మానా, మల్ల రెండో పార్టు ఉన్నదా?" ఉన్నది చెబితే కొందరు వెనక్కి మళ్లిపోతారు. చెప్పకపోతే ఆట వదిలాక బయటికొస్తూ నన్ను నిలదీస్తారు. ఇలా అడిగేవాళ్లు సీక్వెల్ అంటే గిట్టనివాళ్లని అనుకోవద్దు. మెచ్చిన పాత్ర మళ్లీ వస్తుందంటే అడ్వాన్స్ బుకింగ్ తెరవకముందే కౌంటర్ చుట్టూ తిరిగేదీ వీళ్లే.

కాబట్టి ముందు మంచి రెండో కథల గురించి రాస్తాను. మేము అడగబోయేవన్నీ వాటిని చూసి నేర్చుకున్నవే.

1. తెలుగు తెర మీద వచ్చిన సీక్వెళ్లలో నా మొదటి ఓటు 1963 నాటి లవకుశకు. దాన్ని అప్పుడు ఎవరూ సీక్వెల్ అనలేదు. కానీ పనితీరు చూడండి. రామాయణం పట్టాభిషేకంతో సుఖంగా ముగిసింది. రావణుడు చచ్చాడు, సీత ఇంటికొచ్చింది, ఊరంతా తోరణాలు కట్టింది. ఇక చెప్పడానికి ఏమీ లేదనుకున్న చోట కథ మళ్లీ మొదలైంది. కొత్త రాక్షసుణ్ణి తేలేదు. మొదటి కథలో గెలిచిన మనిషినే బోనులో నిలబెట్టింది. గెలిచి తెచ్చుకున్న భార్యను ఊరి మాటకు అడవికి పంపాడే, అదేం ధర్మమని అడిగింది. మా కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కాంతారావు గారు లక్ష్మణుడిగా ఆమెను అడవిలో వదిలి రావాల్సి వచ్చే ఘట్టం గుర్తు చేసుకోండి. మొదటి కథలో అన్నా వదినల వెంట ఇష్టంగా అడవికి నడిచిన తమ్ముడే, రెండో కథలో అన్న ఆజ్ఞ మీద ఆ వదినను అడవిలో దిగబెట్టి రావాలి. మొదటిది తెలిసినవాడికే రెండోదాని బరువు తెలుస్తుంది. ఇక కుశలవులు రాముడి ముందే రాముడి కథ పాడతారు. వింటున్నది తండ్రి అని పిల్లలకు తెలియదు, పాడుతున్నది కొడుకులని తండ్రికి తెలియదు. మొదటి భాగం మొత్తం రెండో భాగంలో ఒక పాటగా మారి, దాన్ని బతికిన మనిషినే గుచ్చుతుంది. ఆ సినిమాకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చారని మా నాన్న చెప్పేవారు. పాత కథను గుర్తుచేయడానికి ఇవాళ ఐదు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ ముక్కలు అతికిస్తున్న దర్శకులు ఈ ఒక్క ఘట్టం మళ్లీ చూడాలని నా విన్నపం.

2. ఈ తరంలో నాకు బాగా నచ్చింది దృశ్యం 2. మొదటి దృశ్యం తెలుగులో 2014లో వచ్చింది. ఆ కుటుంబం దాచిన శవం ఎక్కడుందో ప్రేక్షకుడికి తెలిసిపోయింది, పోలీసులకు తెలియలేదు, కుటుంబం కేసు నుంచి బయటపడింది. అక్కడితో ఆగినా ఎవరికీ బాకీ లేదు. జీతూ జోసెఫ్ గారు రెండోదానికి తీసుకున్న ప్రశ్న చాలా మామూలుది: దొరకలేదు సరే, ఆ ఇంట్లో వాళ్లకు నిద్ర పడుతుందా? ఆరేళ్లు గడిచాయి. పెద్దమ్మాయి పోలీసు బండి శబ్దానికి వణికిపోతుంది. అప్పుడు ఆ ఇంటి పెద్ద రాంబాబు పక్షాన నిలిచిన ఊరివాళ్లే, అతను నాలుగు పైసలు సంపాదించేసరికి వెనక మాటలు అంటుంటారు. ఈ సంగతి రాసినవాళ్లకు పల్లె తెలుసు. కేబుల్ టీవీ నడిపిన మనిషి రెండో భాగంలో థియేటర్ ఓనర్ అయ్యాడు, సినిమా తీయాలని కథ రాయించుకుంటున్నాడు, ఆ కథే చివరికి అతన్ని కాపాడుతుంది. మొదటి భాగంలో సినిమాలు చూసి నేర్చుకున్న తెలివి రెండో భాగంలో సినిమా రాసే తెలివిగా పెరిగింది. పాత్ర ఎదగడం అంటే మాకు అర్థమైంది ఇదే. ఒక్క బాధ ఉండిపోయింది. 2021 నవంబరులో అది నేరుగా ఓటీటీలో వచ్చింది. థియేటర్ నడిపే రాంబాబు కథ మా థియేటర్‌కు రాలేదు.

3. పుష్ప 2 గురించి టికెట్ ధర విషయంలో నాకున్న అభ్యంతరం కింద రాస్తాను. కథ విషయంలో మాత్రం న్యాయంగా మాట్లాడాలి. 2021లో వచ్చిన మొదటి భాగంలో నిశ్చితార్థం మధ్యలో పుష్ప సవతి అన్న వచ్చి, వీడికి మా ఇంటిపేరు లేదని పదిమందిలో పరువు తీస్తాడు. ఆ గాయం మూడేళ్లు మా జనానికి గుర్తుంది. రెండో భాగంలో ఎర్రచందనం లారీల కంటే, హెలికాప్టర్ల కంటే మా బాల్కనీలో ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నది అదే అన్న చివర్లో అతన్ని ఇంటివాడిగా ఒప్పుకున్నప్పుడు. ముఖ్యమంత్రితో మొగుడు ఒక ఫోటో దిగాలన్న భార్య చిన్న కోరికలోంచి ఆ పెద్ద గొడవంతా పుట్టించడం కూడా మంచి రచన. మొదటి భాగం మిగిల్చిన అప్పు రెండో భాగం తీర్చింది.

4. బాహుబలిని రెండు భాగాలుగా తీస్తున్నామని ముందే చెప్పారు. 2015 జూలైలో మొదటిది, 2017 ఏప్రిల్‌లో రెండోది వచ్చాయి. కట్టప్ప ప్రశ్న వేలాడుతున్నా, మొదటి భాగంలో కాలకేయుల యుద్ధం మొదలై ముగిసింది. ఇచ్చిన మాట రెండేళ్లలోపే నిలబెట్టుకున్నారు. మాకు ఇబ్బంది లేదు. టిల్లు స్క్వేర్‌కు మా కుర్రాళ్లు కథ కోసం రాలేదు, టిల్లు నోటి నుంచి వచ్చే మన మాట కోసం వచ్చారు, అది చెడకుండా దొరికింది. కార్తికేయ 2లో హీరో ఆరాటం పాతదే, వెతికేది కొత్తది. ఫ్రాన్సిస్ కొప్పోలా 1974లో తీసిన గాడ్‌ఫాదర్ రెండో భాగం నేను ఫోన్‌లో చూశాను. తండ్రి కుటుంబాన్ని కట్టుకుంటూ పైకొచ్చిన కథ, కొడుకు కుటుంబాన్ని పోగొట్టుకుంటూ పైకెళ్లే కథ పక్కపక్కనే నడుస్తాయి. ఉత్తమ చిత్రం ఆస్కార్ అందుకున్న మొదటి సీక్వెల్ అదే. భాష రాని నాకే కడుపులో దేవింది.

ఇవన్నీ కలిపి చూస్తే మాకు కనిపించేది ఒకటే. ఈ కథల్లో మొదటిది తన మాట తాను పూర్తిగా చెప్పింది, లేదా సగమే చెబుతున్నానని ముందే ఒప్పుకుంది. రెండోది మొదటిదానిలోని ఒక గాయం నుంచో, ఒక ఇష్టం నుంచో పుట్టింది. ఎక్కువ బడ్జెట్, ఎక్కువ మంది విలన్లు, ఎక్కువ నిడివి వాటిని గొప్ప చేయలేదు.

మా ఊళ్లో చిందు భాగోతం ఆడేవాళ్లు వరుసగా కొన్ని రాత్రులు ఆడేవారు. ఏ రాత్రి కథ ఆ రాత్రి తెల్లారేసరికి ముగిసేది. రేపు రాత్రికి రమ్మనడానికి వాళ్లు ఇవాళ్టి కథను నడుమ తెంపలేదు. మంచిగా ముగించారు కాబట్టే మరునాడు జనం చాపలు పట్టుకొని ముందే కూర్చున్నారు.

ఇక మా బాధలు.

5. సలార్ మొదటి భాగం 2023 డిసెంబరులో వచ్చింది. కల్కి 2898 ఏడీ 2024 జూన్‌లో, దేవర మొదటి భాగం 2024 సెప్టెంబరులో వచ్చాయి. నేను ఈ లేఖ రాసేనాటికి వీటిలో ఏ ఒక్కదాని రెండో భాగమూ మా తెర మీదికి రాలేదు. కల్కి పేరులో మొదటి భాగం అన్న మాటే లేదు. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు తెర మీద 'మిగతాది రెండో భాగంలో' అని కార్డు పడితే, నెలకో రెండు నెలలకో ఒకసారి సినిమాకొచ్చే కుటుంబం ఏమనుకుంటుంది? ముగింపు ఎప్పుడని వాళ్లు అడిగేది మిమ్మల్ని కాదు, గేటు దగ్గర చీటీ చింపే మా మనిషిని.

6. డబ్బు సంగతి. 2021 డిసెంబరు నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం తెలంగాణలో ఏసీ సింగిల్ స్క్రీన్‌లో టికెట్ గరిష్ఠ ధర జీఎస్టీ కాకుండా 150 రూపాయలు. 2024 డిసెంబరులో పుష్ప 2 విడుదలకు ముందు రాత్రి బెనిఫిట్ షోకు టికెట్ మీద అదనంగా 800 రూపాయలు పెంచుకోవడానికి అనుమతి వచ్చింది. ఆ ఏడాది తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. అంటే పెంచిన మొత్తమే రెండున్నర రోజుల మట్టిపని దాటింది. మొదటి భాగాన్ని చూసి, దాన్ని హిట్ చేసి, మూడేళ్లు ఎదురుచూసిన మనిషికి రెండో భాగం దగ్గర మీరిచ్చిన బహుమానం ఇదా? అలాంటి రాత్రి మా దగ్గరికి కుర్రాళ్లు మాత్రమే వస్తారు, చాలామంది చేబదులు తెచ్చుకొని. ఆడవాళ్లు, ముసలివాళ్లు ధర తగ్గేదాకా ఆగుతారు. ధర తగ్గేసరికి కథ మొత్తం ఫోన్లలో తిరిగిపోతుంది, వాళ్లిక రారు. "ఏం జూస్తం బిడ్డా, అంత ఇనేసినం" అంటారు. కుటుంబాలు రాని సినిమాకు మా క్యాంటీన్ నడవదు, సైకిల్ స్టాండ్ నడవదు.

7. అదే సినిమా ముందు రాత్రి ఆటకు హైదరాబాద్‌లో జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ నెలలోనే ముఖ్యమంత్రి గారు ఇకపై ప్రత్యేక ఆటలకు, ధరల పెంపుకు అనుమతులు ఉండవని శాసనసభలో ప్రకటించాల్సి వచ్చింది. ఇంకో ప్రభుత్వం వచ్చి చెప్పేదాకా, ఇంకో కోర్టు అడిగేదాకా ఆగకుండా ఆ నియమాన్ని మీరే పెట్టుకోవచ్చు. మూడేళ్ల ఆకలి పెంచి, ఒక్క రాత్రి, ఒక్క గేటు తెరిస్తే ఏమవుతుందో గేటు దగ్గర నిలబడేవాళ్లకు తెలుసు.

8. రెండు భాగాల పనిలో పెద్ద హీరో మూడేళ్లు, నాలుగేళ్లు చిక్కుకుపోతున్నాడు. 2021 డిసెంబరు నుంచి 2024 డిసెంబరు వరకు అల్లు అర్జున్ గారు హీరోగా మాకు ఒక్క సినిమా కూడా రాలేదు. ఆయన ఒక్కరి మీద ఫిర్యాదు కాదు, అందరిదీ అదే దారి. 2024 మే నెలలో ఆడించడానికి సరైన సినిమాలు లేక, జనం రాక తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు మూసుకున్నాయి. ఎన్నికలు, క్రికెట్ కూడా కారణాలే, కాదనను. కానీ ఏటా ఒక్కో పెద్ద హీరో నుంచి ఒక్కో పూర్తి సినిమా వస్తే ఆ తాళాలు పడేవి కావు. మూసిన రోజులకు మా ఊడ్చేవాళ్లకు, గేటువాళ్లకు జీతం ఎవరిస్తారు? నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, ఏ పట్టణంలో చూసినా సింగిల్ స్క్రీన్ బతికేది రెగ్యులర్‌గా పడే సినిమాలతోనే. మూడేళ్లకొకసారి వచ్చే జాతర మమ్మల్ని మిగతా రోజులు పోషించదు.

9. పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు వలసపోయే కూలీలు పండక్కి ఇంటికొచ్చినప్పుడే మన సినిమా చూస్తారు. మొదటి భాగం చూడనివాళ్లు, చూసి మరిచిపోయినవాళ్లు రెండోదానికి వస్తారు. మొదటిది ఎక్కడుందంటే డబ్బు కట్టే యాప్‌లో ఉంది. వాళ్లు తెర ముందు కూర్చొని పక్కవాణ్ణి "ఈయన ఎవరు, ఆమె ఎందుకు ఏడుస్తున్నది" అని అడుగుతూ సగం సినిమా గడుపుతారు. రెండో భాగం తనంతట తాను అర్థం కావాలి. ఇది రాసేవాళ్ల పని, యాప్ పని కాదు.

10. పాత పేరుకు పక్కన అంకె తగిలించి, లోపల కథకూ మనుషులకూ ఏ సంబంధం లేని సినిమాలు. 2002 మన్మథుడు మా ఆడవాళ్లు ఇప్పటికీ టీవీలో వదలకుండా చూస్తారు. 2019లో మన్మథుడు 2 అంటే అందులోని హీరో అభిరామ్ మళ్లీ వచ్చాడనే అనుకున్నారు. వచ్చింది వేరే మనిషి, వేరే కథ. పేరు మీది నమ్మకంతో వచ్చినవాళ్లు ఇంటర్వల్‌కే లేచిపోతుంటే మేము గేటు తీసి నిలబడ్డాం. ఇక భారతీయుడు 2. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత సేనాపతి వస్తే తండ్రులు కొడుకులను వెంటబెట్టుకొని వచ్చారు. కన్నకొడుకును తన చేత్తో చంపిన ముసలాయన లోపల ఇన్నేళ్లు ఏమనుభవించాడన్నది మేము చూడాలనుకున్న రెండో కథ. అది రాలేదు, లెక్క తేలాల్సిన పోరాటం మూడో భాగానికి వాయిదా పడింది.

పై సంగతులన్నీ ఆలోచించి మేము కోరేవి ఇవి. మా థియేటర్ సిబ్బంది, కౌంటర్ దగ్గర మాట్లాడిన ప్రేక్షకులు ఒప్పుకున్నవి మాత్రమే రాశాను.

అ) సినిమా మొదటి భాగమైతే ఆ మాట పోస్టర్ మీద, ట్రైలర్‌లో, ఆన్‌లైన్ బుకింగ్‌లో, టికెట్ మీద తెలుగు అక్షరాల్లో, సినిమా పేరంత పెద్దగా ఉండాలి. చివరి కార్డులో చెప్పడం చెప్పడం కాదు.

ఆ) మొదటి భాగంలో మొదలుపెట్టిన ప్రధానమైన గొడవ ఒకటైనా మొదటి భాగంలోనే తేలాలి. రెండోదానికి ప్రశ్న మిగల్చండి, కథ మొత్తం ఎగ్గొట్టకండి.

ఇ) రెండో భాగం స్క్రిప్టు చివరి సీను దాకా రాసుకోకుండా మొదటి భాగం విడుదల చేయకండి. మొదటిది ఎంత వసూలు చేస్తుందో చూసి రెండోది రాసుకుందామన్న పద్ధతి వల్లే పాత్రలు ఎదగకుండా అక్కడే తిరుగుతున్నాయి.

ఈ) టైటిల్ రిజిస్టర్ చేసేటప్పుడే నియమం ఉండాలి. పాత పేరుకు 2 అనో 3 అనో తగిలించాలంటే పాత కథలోని పాత్రలైనా, లోకమైనా కొనసాగుతున్నట్టు చూపాలి. ఫిల్మ్ ఛాంబర్, నిర్మాతల మండలి తలుచుకుంటే దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఉ) కొనసాగింపు సినిమాలకు జిల్లా సింగిల్ స్క్రీన్లలో ధర పెంచమని అడగకండి. అర్ధరాత్రి, తెల్లవారుజాము ఆటలు అసలు వద్దు. పెంచకుండా వచ్చిన మూడో వారం కుటుంబాలు, పెంచిన మొదటి రాత్రి కంటే మీకు ఎక్కువ తెస్తాయని మా డీసీఆర్‌లు, అంటే రోజువారీ వసూళ్ల లెక్కలు, పక్కపక్కన పెట్టి చూపిస్తాను, ఎవరొచ్చినా.

ఊ) రెండో భాగానికి ముందు వారం మొదటి భాగాన్ని మామూలు ధరకు మా తెర మీద మళ్లీ వేయనివ్వండి. 2025 అక్టోబరు చివర్లో బాహుబలి రెండు భాగాలను ఒక్కటిగా కూర్చి మూడు ముప్పావు గంటల సినిమాగా విడుదల చేస్తే జనం కూర్చొని చూశారు. పాతదైనా మొదలూ తుదీ ఉన్న కథకు వస్తారని అప్పుడే తెలిసింది.

ఋ) రెండో భాగం తీయడం లేదని నిర్ణయించుకుంటే ఒక్క ప్రకటన ఇవ్వండి. కారణాలు మాకు అవసరం లేదు. మా కౌంటర్ దగ్గర అడిగేవాళ్లకు చెప్పడానికి ఒక సమాధానం చాలు.

వీటిలో మొదటి కోరికకు, చివరి కోరికకు మీకు రూపాయి ఖర్చు లేదు. కనీసం ఆ రెండింటి మీద, వచ్చే సంక్రాంతి సినిమాల పోస్టర్లు అచ్చుకు వెళ్లేలోపు ఛాంబర్ నుంచి ఒక రాతపూర్వక నిర్ణయం కావాలి. అది రాకపోతే మా కౌంటర్ కిటికీ పక్కన నేనే ఒక బోర్డు పెడతాను. ఏ సినిమా కథ పూర్తయిందో, ఏది సగమో టికెట్ తీసుకునే ముందే జనానికి కనిపించేలా రాసిపెడతాను. మా యజమాని దానికి ఒప్పుకున్నారు. మిగతా థియేటర్ల బుకింగ్ క్లర్కులను కూడా అదే పని చేయమని అడుగుతున్నాను.

ఇట్లు
ఒక బుకింగ్ క్లర్క్
నల్లగొండ జిల్లా